పలువరుసకు కాపుదల



పండ్లకు వేసిన క్లిప్పులు విప్పిన దినమున ఇంట జరుగు సంబరము మీరెరుగనిది కాదు. రెండు సంవత్సరములు తీగెలు మోసిన పిల్ల అద్దము విడిచి కదలదు. నాయనమ్మ దిష్టి తీయును. తండ్రి యింతవరకు చెల్లించిన సొమ్మును లెక్క చూచుకొని, ఇంతటితో నీ ఖర్చు తీరినదని ఊపిరి పీల్చుకొనును. ఆ సందడిలో దంతవైద్యుడు చేతికిచ్చిన యొక చిన్న బరిణెను గాని, దానితో గూడ చెప్పిన నాలుగు మాటలను గాని యెవరును పట్టించుకొనరు. ఆ బరిణెలో నున్నది రిటెయినరు. రెండేండ్ల వైద్యమునకు ఫలము నిలుచుటయు నిలువకపోవుటయు దానిపైననే యున్నది.

మే మెరిగిన కుటుంబములలో నీ కథ పలుమారులు జరిగినది. పదునాలుగవ యేట క్లిప్పులు వేయించి, పదునారవ యేట విప్పించి, ఆ పిమ్మట కాలేజీ హాస్టలుకు పంపిన పిల్ల, ఇరువది మూడవ యేట తన పెండ్లి ఫోటోలలో పెదవులు మూసికొని నవ్వుచుండును. క్రింది వరుసలోని ముందుపండ్లు మరల నొకదానిపై నొకటి యెక్కినవి. డాక్టరు సరిగా చేయలేదని తల్లి యనును. మీ పిల్ల రిటెయినరు పెట్టుకొనలేదని డాక్టరనును. పిల్ల యేమియు ననదు. ఆ చిన్న వస్తువు ఎందులకో, ఎన్నాళ్లో, దాని నెట్లు కాపాడవలెనో ఆ పిల్లకు మొదటనే యెవరైనను విడమరచి చెప్పియుండినచో నీ తగవుకు తావుండదు. కావున నీ నెల ఆ సంగతియే వ్రాయుచున్నాము.

పన్ను గోడలో దిగగొట్టిన మేకువంటిది కాదు. దంతమూలమునకును దవుడ యెముకకును నడుమ సన్నని నారపోగుల పొర యొకటి కలదు. ఆ పోగులే పంటిని ఎముకకు కట్టియుంచును. క్లిప్పుల తీగె పంటి నొకవైపునకు మెల్లగా నెట్టుచుండగా, ఆ వైపు ఎముక కరగును. విడిచివచ్చిన వైపున కొత్త ఎముక పుట్టును. ఇట్లు పన్ను నెలకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున నడచును. క్లిప్పులు విప్పిన నాటికి ఆ కొత్త ఎముక యింకను లేతగనే యుండును. సాగిన పోగులు మరల కుదురుకొనుటకు మూడు నాలుగు నెలలు పట్టును. చిగుళ్లలోని పోగులకు ఆరు నెలల వరకు పట్టును. పంటిమెడ చుట్టు రబ్బరువలె సాగు గుణముగల పోగులు మరికొన్ని కలవు. అవి సర్దుకొనుటకు దాదాపు సంవత్సరము కావలెను. మెలితిరిగిన పంటిని త్రిప్పి సరిచేసిన చోట నీ కడపటి పోగులే దానిని పాత వంకరకు లాగుచుండును. మిద్దెకు స్లాబు పోసిన మరునాడే క్రింది కఱ్ఱలు లాగివేయు మేస్త్రీని మన మింటిలోనికి రానిత్తుమా? రిటెయినరు ఆ కఱ్ఱలవంటిది.

పోగులు కుదిరిన తరువాతనైనను దీనిని విడువరాదా యని యడుగుదురు. ఇచ్చట రెండవ కారణము కలదు. క్లిప్పులు ఎన్నడును వేయించుకొననివారి పండ్లు సైతము వయసుతోపాటు మెల్లగా జరుగుచునే యుండును. ముఖ్యముగా క్రింది ముందుపండ్లు ముప్పదియవ యేటను నలువదియవ యేటను గూడ ఇరుకగుచుండును. అమెరికాలో సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో డాక్టరు లిటిల్ అను నాయనయు, ఆయన తోడివారును, ముందరి చిన్న దవుడపండ్లు తీయించి వరుస కూర్చినవారిని 65 మందిని, రిటెయినరు మానిన పదియేండ్లకు పరీక్షించి, ఆ ఫలితములను 1981 లో ప్రకటించిరి. క్రింది ముందుపండ్లు తృప్తికరముగా నిలిచినవారు నూటికి 30 మందికంటె తక్కువగా తేలిరి. మరల 1988 లో, ఇరువది యేండ్లు గడచినవారిని గూర్చి వ్రాయునప్పటికి అట్టివారు నూటికి 10 మందియే మిగిలిరి. వారికి వైద్యము చేసినవారు సామాన్యులు కారు. చేసిన పని లోపము గలది కాదు. పండ్ల స్వభావమే యట్టిది. అందువలననే నేటి దంతవైద్యులు "వరుస యెన్నాళ్లు నిలువవలెనని కోరుదురో అన్నాళ్లును రాత్రులందు రిటెయినరు పెట్టుకొనుడు" అని చెప్పుచున్నారు. ఈ మాట మొదట వినునపుడు భారముగా దోచును. కాని రాత్రి నిద్రకు ముందు పండ్లు తోముకొనుట కూడ జీవితాంతము చేయవలసిన పనియే గదా. దాని ప్రక్కన నిదియు నొకటి.

ఇంటింట వినబడు నొక యపోహను గూర్చి కూడ ఇచ్చట నొక మాట. పండ్లు మరల వంకరపోయినప్పుడెల్ల జ్ఞానదంతములు వెనుకనుండి నెట్టినవని చెప్పుట యలవాటు. జ్ఞానదంతములు ముందుగా తీయించినచో ఈ యిరుకు తప్పునా యని బ్రిటనులో పరిశీలించి 1998 లో ప్రకటించిరి. ఈ యొక్క కారణముకొరకై వానిని తీయించుట తగదని వారు తేల్చిరి. నొప్పియో, చీమో, పుచ్చో యున్నయెడల ఆ సంగతి వేరు. రిటెయినరు మానిన తప్పును జ్ఞానదంతముపై మోపి, పాపము, దానిని పెరికించుట న్యాయము కాదు.

రిటెయినర్లలో మూడు తెగలు వాడుకలో నున్నవి. 1919 లో చార్లెస్ హాలీ యను అమెరికా దంతవైద్యుడు వర్ణించినది మొదటిది: అంగిటి కంటుకొను ప్లాస్టిక్ పలక, ముందుపండ్లమీదుగా పోవు నొక తీగె. ఇది గట్టిది, వదులైన తీగెను డాక్టరు బిగించగలడు, అయితే నవ్వినప్పుడు తీగె కనబడును. రెండవది గాజువలె పారదర్శకమైన తొడుగు. 1971 లో పోనిట్స్ అను వైద్యుడు దీనిని కంటికి కనబడని రిటెయినరని పేరు పెట్టి వర్ణించెను. మన యాడపిల్లలు హెచ్చుగా దీనినే కోరుచున్నారు. ఇది సుఖముగ నుండును గాని, త్వరగా అరుగును, పగులును. కొన్ని యేండ్లకైనను మార్చవలసి వచ్చును. మూడవది పండ్ల వెనుక, నాలుకవైపున, అంటించివేయు సన్నని తీగె. క్రింది వరుసలో కోరపంటినుండి కోరపంటివరకు సాధారణముగా నుండును. నార్వే దేశమున జాక్రిసన్ అను వైద్యుడు 1977 లో దీనిని గూర్చి వ్రాసినది మొదలు ఇది వ్యాప్తిలోనికి వచ్చినది. దేనిని ఎవరికి పెట్టవలెనో డాక్టరు నిర్ణయించును. పిల్ల మతిమరపుది, వస్తువులు పారవేసికొనునది యైనచో ఆ సంగతి డాక్టరుతో దాచక చెప్పుట తల్లి ధర్మము. అట్టి పిల్లకు అంటించిన తీగెయే మేలు.

కాలనియమము డాక్టరును బట్టి మారును. మొదటి కొన్ని నెలలు భోజనకాలము తప్ప రేయింబవళ్లు పెట్టుకొమ్మని కొందరు, మొదటినుండి రాత్రులందే చాలునని కొందరు చెప్పుదురు. మీ పిల్ల నోటిని చూచినవారి మాటయే మీకు ప్రమాణము. ప్రక్కింటి పిల్లకు చెప్పిన నియమము మనకు పనికిరాదు. మొదటి వారము మాట కొంచెము నత్తిగా వచ్చును, నోట ఉమ్ము ఊరును. దీనికి భయపడి తీసివేయరాదు. రిటెయినరు నోట నుంచుకొనియే నాయనమ్మకో తాతగారికో దినమున కొక పావుగంట పత్రికను పైకి చదివి వినిపింపుమనుడు. నాలుక నాలుగు దినములలో దారి తెలిసికొనును, పెద్దలకును ప్రొద్దుపోవును.

ఇక శుభ్రత. ఇల్లు శుభ్రముగ నుంచు గృహిణికి పుట్టుకతో వచ్చిన రెండు సద్గుణములు ఈ వస్తువునకు ప్రాణాంతకములని చెప్పిన మీకు నవ్వు రావచ్చును. మొదటిది మరుగునీరు. పసిపిల్ల పాలసీసాను మరిగించు చేయి, అదే శ్రద్ధతో రిటెయినరును గూడ మరుగునీటిలో వేయును. పారదర్శకమైన తొడుగు వేడికి మెత్తబడి యాకారము మారును. కంటికి తెలియనంత మారినను చాలును, మరునాడు అది పంటికి సరిపడదు. గీజరులోనుండి వచ్చు వేడినీరును పనికిరాదు, చన్నీరే వాడవలెను. రెండవది యెండ. పచ్చళ్లకును పరుపులకును ఎండ మేలు గాని దీనికి కాదు. మేడమీద నారబెట్టినను, ఎండలో నిలిపిన కారులో మరచినను వంగిపోవును.

ప్రతిదినము ఉదయము తీయగనే, ఆరకముందే, చన్నీటితో కడిగి, మెత్తని బ్రష్షుతోను ఘాటులేని సబ్బునీటితోను లోపల వెలుపల మెల్లగా తోమవలెను. దీనికి వేరే బ్రష్షు నుంచుట మంచిది. టూత్ పేస్టుతో గాని, పండ్లపొడితో గాని, గిన్నెల పీచుతో గాని రుద్దరాదు. వానిలోని గరుకు తొడుగుపై సన్నని గీతలు గీయును. ఆ గీతలలో పాచి చేరి కంపు కొట్టును. సబ్బు పోవునట్లు బాగుగ కడిగి, గాలి సోకు రంధ్రములు గల బరిణెలో నుంచవలెను. తడితో మూసిపెట్టినచో వాసన పుట్టును. కొన్నాళ్లకు తెల్లని గార పట్టినయెడల, తెల్లని వెనిగరును సమముగా నీటితో కలిపి అందులో పావుగంటసేపు నానబెట్టి తోమి కడిగివేయవచ్చును. కట్టుడు పండ్లకై అమ్ము మాత్రలును పనికివచ్చును. పొట్లముమీద వ్రాసిన కాలముకంటె హెచ్చుసేపు ఉంచరాదు. బట్టలకు వేయు బ్లీచింగు ద్రవము జోలికి పోవలదు. తీగె గల రిటెయినరు దానితో చెడును.

భోజనమునకు ముందు తీయవలెనను నియమము మన వంటలకు మరింత వర్తించును. పసుపు వేసిన పప్పుపులుసు రెండు పూటలు తగిలిన చాలు, గాజువంటి తొడుగు బంగారు కాసువలె పచ్చబడును. కాఫీ, టీ, తాంబూలము కూడ నంతియే. తీపి పానీయము త్రాగునప్పుడు తొడుగు నోటనున్న మరియొక చెరుపు కలదు: ఆ తీపి తొడుగుక్రింద నిలిచిపోవును, ఉమ్ము దానిని కడుగలేదు, పండ్లు పుచ్చుటకు దారియగును. మంచినీరు త్రాగవచ్చును. తిన్నతరువాత నోరు పుక్కిలించి, వీలైన పండ్లు తోముకొని, అప్పుడు మరల పెట్టుకొనవలెను.

అంటించిన తీగె గలవారు తీసి కడుగుట యను శ్రమ లేదని మురియరాదు. దాని చుట్టు గార త్వరగా పట్టును. తీగెక్రిందనుండి పండ్లసందులలో దూర్చు దారమును గాని, సందుల బ్రష్షును గాని వాడుట డాక్టరువద్ద నేర్చుకొని రాత్రి కొకసారి తప్పక చేయవలెను. చెరకు కొరుకుట, గట్టి జంతికలు ముందుపండ్లతో విరుచుట, పచ్చి జామకాయ గాటుపెట్టుట మానవలెను. ముక్కలు చేసి వెనుకపండ్లతో నమలినచో దోషము లేదు. ఈ తీగె ఒక్క పంటివద్ద ఊడినను మిగిలిన చోట్ల అంటియుండుటచే మనకు తెలియదు; ఊడిన పన్ను మాత్రము తన దారిని తాను పోవుచుండును. కావున వారమున కొకసారి వ్రేలికొనతో తడవి చూచుకొని, కదలినట్లు తోచిన వెంటనే డాక్టరును చూడవలెను.

రిటెయినర్లు పోవు చోట్లలో నగ్రస్థానము పెండ్లివిందుది. పంక్తిలో కూర్చున్న పిల్ల, చెంత బరిణె లేక, తీసిన రిటెయినరును విస్తరంచున నుంచును, లేదా కాగితపు రుమాలులో చుట్టును. పాయసము వచ్చునప్పటికి దానిని మరచును. విస్తరు లెత్తువారు దానినెట్లు గుర్తింతురు? పిమ్మట తల్లియు మేనత్తయు ఎంగిలాకుల కుప్పలో వెదకుట మేము కన్నులార చూచితిమి. ఇంటిలో కుక్క యున్నయెడల మరింత జాగ్రత్త. మనుష్యుల నోటి వాసనగల యీ వస్తువు కుక్కలకు మిక్కిలి ప్రియమైనది. కావున నియమ మొక్కటే: రిటెయినరు నోటనైన నుండవలెను, బరిణెలోనైన నుండవలెను. బరిణె తెల్లనిది కాక ముదురు రంగుదిగ నుండి, దానిపై పిల్ల పేరు వ్రాసియున్నచో హాస్టలులో తారుమారు కాదు.

ఇంతవరకు చెప్పినవి చేతిపనులు. మా మనసునకు హెచ్చుగా తోచుచున్నది వేరొకటి. పిల్ల హాస్టలులో మానిన రిటెయినరుకంటె, పెండ్లియైన తరువాత మానినవి లెక్కకు హెచ్చని మా నమ్మకము. కారణము సిగ్గు. కొత్త కోడలు రాత్రి నోటినుండి యేదో తీయుట, పెట్టుట చూచి, "అదేమమ్మా, నీవి కట్టుడు పండ్లా?" యని అత్తగారు అడుగునేమో, ఆడపడుచు నవ్వునేమో, భర్త యేమనుకొనునో యను శంక. కొందరు తల్లులే "ఆ పదునారు దినములును దానిని బయట పెట్టకుమమ్మా" యని చెప్పి పంపుచున్నారు. పదునారు దినములు రెండు నెలలగును. రెండు నెలల తరువాత పెట్టి చూచిన నది దిగదు. దిగనిదానిని పిల్ల పెట్టె యడుగున దాచును. ఎవరి మెప్పుకొరకై పలువరుస కూర్చితిమో వారికి జడిసియే దానిని చెడగొట్టుకొనుచున్నాము.

తల్లులకు మా మనవి యిది. సంబంధము కుదిరిన పిమ్మట కన్నులద్దముల మాట చెప్పినంత తేలికగ నీ మాటయు చెప్పివేయుడు. "మా అమ్మాయికి చిన్నప్పుడు పలువరుస సరిచేయించితిమి వదినగారూ, అది నిలుచుటకు రాత్రిపూట ఒక తొడుగు పెట్టుకొనును" అని యొక్క మాట. దీనిలో దాచవలసిన దోష మేమున్నది? పండ్లు ఆమె సొంత పండ్లే. అత్తగార్లకును మా మనవి కలదు. కోడలి బరిణె మీ వంటయింటి గట్టుమీద కనబడినచో ఎంగిలి వస్తువని మీకు రోత కలుగుట సహజమే. ఆ రోతను మేము తప్పుపట్టము. అయితే ఆ మాట గదలింపుగా కాక, "అమ్మాయీ, దీనికి నీ గదిలో నొక గూడు చూపెదను రా" యని యన్నచో, మీ కోరికయు తీరును, ఆమె సిగ్గును తీరును. అద్దమువద్ద దువ్వెన ప్రక్కన నొక స్థానము దొరికిన బరిణె మరునాటినుండి దాగికొనదు.

పెండ్లిచూపులకై ఆడపిల్ల పండ్లు సరిచేయించి, అదే దోషముగల కుమారుని విడిచిపెట్టు నింటివారిని గూర్చి మాకు వేరొక యభిప్రాయము కలదు. దానికి వేరొక నెల కావలెను. ఎవరికి చేయించినను ముందుగా వారికే యీ సంగతి తెలియజేయుడు. పదమూడేండ్ల పిల్లకు పైన చెప్పిన నారపోగుల కథ చక్కగా బోధపడును. "పెట్టుకొన్నావా, పెట్టుకొన్నావా" యని రాత్రింబవళ్లు వెంటబడి యడుగుటకంటె నది మేలు. వెంటబడి యడుగు తల్లి హాస్టలునకు పోలేదు గదా.

పోయినను, పగిలినను ఆలస్యము చేయరాదు. మొదటి సంవత్సరములో కొద్ది దినములకే పండ్లు కదలవచ్చును. పగిలిన ముక్కలను ఇంటిలోని జిగురుతో నంటించి నోట పెట్టుకొనుట ప్రమాదము. క్లిప్పులు విప్పిననాడు తీసిన పండ్ల అచ్చును గాని, నేటి పద్ధతిని కంప్యూటరులో తీసిన బొమ్మను గాని, మీ పేర భద్రపరచుదురా యని ముందే యడిగి, వీలైన యొక ప్రతి తెచ్చుకొనుడు. ఊరు మారినను దానిని చూచి వేరొక డాక్టరు కొత్తది చేయగలడు. వీలున్నవారు మొదటనే రెండు జతలు చేయించుకొనుట మంచిది. మరల క్లిప్పులు వేయించుటతో పోల్చిన ఆ ఖర్చు మిక్కిలి స్వల్పము. ఒక యింట అక్క మానివేసిన రిటెయినరు వృథా పోనేల యని చెల్లెలికి పెట్టజూచిరని విన్నాము. ఆమె జాకెట్టు ఈమెకు పట్టవచ్చును గాని యిది పట్టదు. ఒక్కొక్కటి ఒక్కొక్క నోటి యచ్చున పోసినది.

కడపట, మీలో పలువురకు గల సందేహము. పెండ్లికి ముందు మానివేసిన రిటెయినరు పదియేండ్లకు పెట్టెలో దొరకినది, ఇప్పుడు పెట్టుకొనవచ్చునా? ముందుగా కడిగి చూడుడు. పగులు గాని, వంగిన తీగె గాని యున్నచో పనికిరాదు. బాగుగ నున్నచో మెల్లగా నానించి చూడుడు. కొంచెము బిగువుగ నున్నను పూర్తిగా దిగినయెడల, కొన్ని రాత్రులు పెట్టుకొన్నచో బిగువు తగ్గును; పిమ్మట మానక కొనసాగింపవచ్చును. పంటికిని తొడుగుకును నడుమ సందు మిగిలినను, నొప్పి పుట్టినను బలవంతముగ నొక్కరాదు, పండ్లతో కొరికి దింపరాదు. దానిని బరిణెలో పెట్టుకొని డాక్టరువద్దకు పొండు. పండ్లు ఇప్పుడున్న చోటనే నిలుచునట్లు ఆయన కొత్తది చేయించి యిచ్చును. కొద్దిపాటి వంకరను సరిచేయుటకును నలువది యేండ్ల వయసు అడ్డు కాదు, చిగుళ్లును ఎముకయు నారోగ్యముగ నున్న చాలును.